ఒండ్రుకు లెక్క అడిగేవాడేడీ?

గోదావరిఖనిలో ప్రతి షిఫ్టుకూ బొగ్గు లెక్క ఉంటుంది. ఏ బాయిలో ఎన్ని టన్నులు తీశారు, ఏ ఓపెన్‌కాస్టులో ఎంత మట్టి ఎత్తారు, అన్నీ రాసిపెడతారు. తగ్గితే సంజాయిషీ అడుగుతారు. అదే గోదావరి మా ఊరు దాటి, ధవళేశ్వరం దాటి, సముద్రంలో కలిసేచోట ఉన్న కోరింగ మడ అడవికి ఈ ఏడు ఎంత ఒండ్రు అందిందో చెప్పమనండి. అడిగేవాడు లేడు, చెప్పేవాడు అంతకన్నా లేడు. నా కడుపు మండేది ఇక్కడే.

కొలవడం చేతకాక కాదు. బురదలో గట్టినేల తగిలేదాకా ఉక్కు కడ్డీ దింపుతారు. కడ్డీ కదలదు. దాని పక్కన బురద ఏటేటా ఎన్ని మిల్లీమీటర్లు లేచిందో, ఎంత దిగిందో చూస్తారు. తెల్లటి రాతిపొడి పరిచి రెండేళ్ల తర్వాత కోసి చూస్తే, దాని మీద పేరుకున్న ఒండ్రు మందం తెలుస్తుంది. ఉపగ్రహ చిత్రంలో పచ్చదనం ఎంతో, బోసి బురద ఎంతో పోలుస్తారు. బోసి పెరుగుతున్నదంటే, అంచున చెట్లు ఎంత పచ్చగా ఉన్నా ఆ నేల లోపల్నుంచి చస్తున్నట్టే. సముద్రమట్టం ప్రపంచమంతటా ఏటా సగటున 3 మిల్లీమీటర్లకు మించి పెరుగుతోంది. బురద ఆ మాత్రం లేవకపోతే మునుగుతుంది. బాయి పని చేసినవాడికి ఇది విడమరచి చెప్పాలా? పైకప్పు ఎంత కుంగిందో చూడని గనిలోకి ఎవరం దిగుతాం?

కొలిచినవాళ్లూ ఉన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు హేమమాలిని, నాగేశ్వరరావు 2004లోనే చెప్పారు: 1976 నుంచి 2001 లోపు గోదావరి డెల్టా అంచున 18 చదరపు కిలోమీటర్లకు పైగా నేల సముద్రం పాలైందని. 1970లలో నది ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు కిందికి తెచ్చేది. 2000 తర్వాత అది 6 కోట్ల లోపుకు పడిపోయింది. మిగతాదాంట్లో చాలావరకు ఆనకట్టల వెనక ఆగిపోయింది. ఆ లెక్క గోదావరి మీద సుందిళ్ల, అన్నారం, మేడిగడ్డ బ్యారేజీలు కట్టకముందుది! 2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగితే నెలల తరబడి కోట్ల రూపాయల గురించి కొట్లాడుకున్నారు. ఒండ్రు మాట ఎత్తిన గొంతు ఒక్కటీ నా చెవిన పడలేదు.

కోరింగను 1978లో అభయారణ్యం చేశారు. 235 చదరపు కిలోమీటర్లని బోర్డు మీద రాసుకున్నాం. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను ఆ తీరాన్ని ఊడ్చేసినప్పుడు మడచెట్టు విలువేమిటో అక్కడి పల్లెలకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేకపోయింది. తిల్ల, మడ, గుగ్గిలం చెట్లు నిలబడాలంటే కాళ్లకింద నేల ఉండాలి కదా. బోర్డు పాతితే నేల పెరుగుతుందా?

మాకేం సంబంధమంటారా? రామగుండం సూపర్ థర్మల్ విద్యుత్ కేంద్రంలో 1983 నుంచి కాలుతున్నది మా బొగ్గే. సముద్రం పెరగడంలో ఆ పొగకూ వాటా ఉంది. నది మోయాల్సిన మట్టిని ఆపిన కట్టలూ మా ఇంటిముందే ఉన్నాయి. అంటే కోరింగ మీదికి నీళ్లు పెంచుతున్నదీ మేమే, దాని కాళ్లకింద మట్టి గుంజుతున్నదీ మేమే. ఓపెన్‌కాస్టుల్లోంచి తవ్విపోసిన మట్టేమో మా ఊళ్ల పక్కన గుట్టలై నిలబడి ఉంది. ఆ గుట్టలకు మాత్రం ఘనపు మీటర్లలో లెక్క ఉంది.

రేపు ఫస్ట్ షిఫ్టు బొగ్గు లెక్క బోర్డు మీద రాసేటప్పుడు, పక్కన ఇంకో గీత గీయండి. ధవళేశ్వరం దాటిన ఒండ్రు ఎన్ని టన్నులో, కోరింగ బురద ఎన్ని మిల్లీమీటర్లు లేచిందో అక్కడ రాయండి. అంకె దొరకకపోతే ఆ గడి ఖాళీగానే వదలండి, అందరి కళ్లబడేటట్టు.