ఊరంతా ఒకటే సత్రం

గుమ్మంలోనే నడుం వంచి నమస్కారం పెడతారు. చెప్పులు తీసి లోపలికి అడుగుపెట్టగానే గదికి తీసుకెళ్తారు. పచ్చటి తేనీరు, పక్కన ఒక చిన్న మిఠాయి అందిస్తారు. తొడుక్కోవడానికి యుకాతా అనే నూలు అంగీ, దానికో నడికట్టు ఇస్తారు. ఇన్ని మర్యాదలూ చేశాక, 'ఇక స్నానానికి అలా వీధిలోకి వెళ్లిరండి' అంటారు!

రుద్రూర్‌లోనో వర్నిలోనో చుట్టం గడప దగ్గరికి వస్తే ముందు కాళ్లకు నీళ్లిస్తారు. ఆ వెనకే పొయ్యి మీద వేన్నీళ్లు కాగుతాయి. 'అల్లుడూ, స్నానం బజార్లో చేసి రారాదూ' అని ఏ అత్తగారైనా అంటే ఇంకేమైనా ఉందా! ఆ అల్లుడు మళ్లీ ఆ ఊరి బస్సెక్కడు.

జపాన్‌లోని కినొసాకిలో మాత్రం దాన్ని ఎవరూ అవమానం అనుకోరు. దాని కోసమే అంత దూరం వస్తారు. హ్యోగో రాష్ట్రంలో, జపాన్ సముద్రానికి దగ్గర్లో ఉన్న చిన్న ఊరది. మధ్యలో ఓ సన్నటి వాగు, దానికి అటూ ఇటూ నీళ్ల మీదికి వాలిన చెట్లు, రాతి వంతెనలు, డెబ్బై దాకా సత్రాలు. ఇలాంటి పాతకాలపు సత్రాన్ని జపాన్‌లో ర్యోకాన్ అంటారు. వేడినీటి ఊటను ఒన్సెన్ అంటారు. నిప్పుకొండల దేశం కాబట్టి ఊటలకు కొదవ లేదు. ఏది ఒన్సెన్, ఏది కాదు అన్నదానికి 1948లో ఓ చట్టమే చేశారు. భూమిలోంచి వచ్చే నీరు 25 డిగ్రీలు, అంతకంటే ఎక్కువ వేడిగా ఉండాలి. లేదంటే చట్టంలో రాసిన 19 పదార్థాల్లో ఒక్కటైనా తగినంత ఉండాలి.

ర్యోకాన్‌లో అద్దె గదికి కాదు, మనిషికి. రాత్రి భోజనం, పొద్దుటి భోజనం కలిపి ఒక్కొక్కరికి 20 వేల నుంచి 40 వేల యెన్‌లు మామూలు ధర. మన లెక్కలో పదకొండు వేలకు తక్కువ కాదు. అంతకు మించినవీ ఉన్నాయి. నేల మీద తతామి అనే గడ్డి చాపలు పరిచి ఉంటాయి. వాటి మీద వట్టి కాళ్లతోనో మేజోళ్లతోనో నడవాలి, ఇంట్లో తొడుక్కునే చెప్పులైనా సరే గది బయటే వదలాలి. మంచం ఉండదు. రాత్రి భోజనం అయ్యేలోపు పనివాళ్లు వచ్చి చాప మీద పరుపులు వేసి వెళ్తారు. ఇక ఆ మిఠాయి వట్టి మర్యాదకే కాదంటారు. ఖాళీ కడుపుతో వేడినీళ్లలో దిగితే కళ్లు తిరుగుతాయి కాబట్టి ముందు కాస్త తీపి తినిపించడం పాత అలవాటు. బోధన్ చుట్టుపక్కల చెరకు పండించినవాళ్లకి ఈ వైద్యం నచ్చకుండా ఉండదు.

యుకాతా వేసుకునేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వస్తే అది శవానికి తొడిగే పద్ధతి. తెలియని విదేశీయులు అలా వేసుకుని వసారాలోకి వస్తే సత్రం పెద్దావిడ పరుగున వచ్చి సరిచేస్తుంది. కాళ్లకు గెతా అనే చెక్క చెప్పులు. అచ్చం పాంకోళ్లే, బొటనవేలు గుబ్బకు బదులు పట్టీ ఉంటుంది, అంతే తేడా. సాయంత్రమైతే ఊరంతా టకటక చప్పుడు.

ఇంతకీ సత్రంలో స్నానాల గది ఉండదా అంటే, ఉంటుంది. చిన్నది. అది చిన్నదిగానే ఎందుకుంది అన్న ప్రశ్నకు జవాబు 23 ఏళ్లు నడిచిన ఒక కోర్టు కేసు.

కినొసాకి ఊట 1,300 ఏళ్ల నాటిదని చెబుతారు. దోచి అనే భిక్షువు వెయ్యి రోజులు ప్రార్థిస్తే 720లో నీరు ఉబికిందని ఒక కథ. కాలికి దెబ్బతగిలిన కొంగ ఒకటి ఇక్కడి నీళ్లలో నిలబడి నయం చేసుకుందని ఇంకో కథ. ఎలా పుట్టినా, ఊట ఊరిది. స్నానశాలలు వీధిలో ఉండేవి. సత్రాల్లో తిండి, పడక మాత్రమే. ఎంత పెద్ద సత్రంలో దిగిన అతిథైనా, పూటకూళ్ల ఇంట్లో దిగిన బీదవాడైనా మునగాల్సింది ఆ ఊరుమ్మడి తొట్టిలోనే.

1925 మే 23న భూకంపం వచ్చింది. మధ్యాహ్నం వంటలకు పొయ్యిలు వెలిగించిన వేళ. ఇళ్లన్నీ చెక్కవి. కూలినవి కూలగా మిగిలినవి కాలిపోయాయి. ఆ ఒక్క ఊళ్లోనే 270 మందికి పైగా చనిపోయారు. బతికినవాళ్లు ఊరు మళ్లీ కట్టుకునేటప్పుడు ముందుగా తలపెట్టినవి బడి, ఊరుమ్మడి స్నానశాలలు. సొంత ఇళ్లూ సత్రాలూ ఆ తర్వాతే. ఆ పనికి ముందు నిలిచిన పెద్దమనిషి నిషిమురా సహెయ్ కూడా ఒక పెద్ద సత్రం యజమానే కావడం గమనించాల్సిన విషయం.

ఆ పునర్నిర్మాణం రోజుల్లోనే తగువు మొదలైంది. మికునియా అనే సత్రం వాళ్లు తమ స్థలంలో దొరికిన వేడినీటితో సత్రం లోపలే స్నానాల గది పెట్టుకోవాలనుకున్నారు. నా నేల, నా నీళ్లు, మధ్యలో మీరెవరు అన్నది వాళ్ల వాదన. ఊరు ఒప్పుకోలేదు. నేల నీదే కావచ్చు, కింద పారే ఊట అందరిదీ అంది. 1927లో కేసు కోర్టుకెక్కింది.

ఊరివాళ్ల భయం నీళ్లు తగ్గిపోతాయని మాత్రమే కాదు. స్నానం లోపలే దొరికితే అతిథి బయటికెందుకొస్తాడు? బయటికి రాకపోతే మిఠాయి కొట్టు ముందు ఎవరాగుతారు? చెక్క చెప్పులు ఎవరు కొంటారు? నీళ్లు తోడుకునే స్తోమత ఉన్న నాలుగు పెద్ద సత్రాలు బాగుపడతాయి, చిన్న సత్రాలు మూతపడతాయి, వీధి చస్తుంది. ఒకే ఆదాయం మీద నిలిచిన ఊరికి అది పోతే ఏమవుతుందో బోధన్‌ను అడిగితే చెబుతుంది. 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక శక్కర్‌నగర్ వీధుల్లో నడిచినవాళ్లకి వేరే వివరం అక్కర్లేదు.

కేసు సాగింది. మధ్యలో ఒక ప్రపంచ యుద్ధం వచ్చి వెళ్లింది. చివరికి 1950లో రాజీ కుదిరింది. ఎవరూ పూర్తిగా గెలవని రాజీ, అందుకే నిలిచింది. సత్రాల్లో లోపలి స్నానాల గదులు పెట్టుకోవచ్చు, కానీ వాటి కొలతకు హద్దు ఉండాలి. ఊటలు ఏ స్థలంలో ఉన్నా నిర్వహణ ఊరి ఉమ్మడి సంస్థది. తర్వాత కొత్త బోర్లు వేసినా ఆ నీళ్లన్నీ ఒకచోటికి చేర్చి, వేడి సరిచూసి, గొట్టాల ద్వారా అందరికీ పంచే ఏర్పాటు 1972లో పూర్తయింది. ఊరుమ్మడి స్నానశాలలు పెరిగి ఏడయ్యాయి. ఏ సత్రంలో దిగినా వాటిలోకి ప్రవేశం ఉచితం. ఒక్కోదానికి ఒక్కో రోజు సెలవు, మరమ్మతులకు మూసేవీ ఉంటాయి కాబట్టి ఏవి తెరిచి ఉన్నాయో సత్రంలోనే చెబుతారు.

అప్పటినుంచి ఆ ఊరివాళ్లు ఒక మాట చెబుతారు. రైల్వే స్టేషన్ గుమ్మం, వీధులు వసారా, సత్రాలు పడక గదులు, వీధి స్నానశాలలు స్నానాల గది, మొత్తం ఊరంతా కలిపి ఒకటే సత్రం అని.

నిజాంసాగర్ కాలువ కింద వ్యవసాయం చేసే ఊళ్లకి ఈ తగువు కొత్తగా ఉండదు. 1931లో మంజీర మీద ఆ ఆనకట్ట పూర్తయిన నాటినుంచీ రుద్రూర్ చుట్టుపక్కల వరి, చెరకు ఆ నీళ్ల లెక్కతోనే పండాయి. పైనున్న రైతు తూము ఒక పూట ఎక్కువసేపు ఎత్తి ఉంచితే కింది మడి ఎండుతుంది. నీరడి అనే మనిషిని ఊరు పెట్టుకున్నది అందుకే. చివరి ఆయకట్టుకు నీళ్లు చాలకే అలీసాగర్, గుత్ప ఎత్తిపోతలు కట్టాల్సి వచ్చింది. కాలువ నీటికి వంతు ఉంది సరే, భూమి కింది నీటికో? అక్కడ కథ మారిపోతుంది. తన నేల కింది నీటిని తోడుకునే హక్కు యజమానికి ఉందని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం చెబుతుంది. దానికి పగ్గం వేయడానికి 2002లో వాల్టా చట్టం తెచ్చారు. బోరుకు అనుమతి, బోరుకూ బోరుకూ మధ్య దూరం అని రాసుకున్నారు. ఒకరు రెండొందల అడుగులకు వెళితే పక్కవాడు మూడొందలకు వెళ్లే పందెం ఆగిందో లేదో చేనుగట్టు మీద నిలబడ్డవాడికి తెలుసు. మికునియా వాదన మన దగ్గర ఇంకా ఓడిపోలేదు.

తెలుగువాళ్లకి వేడినీటి ఊటలు లేవా అంటే ఉన్నాయి. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డు ఇసుక తవ్వితే వేడినీరు ఊరుతుంది, యాత్రికులు తలమీద చల్లుకుని వెళ్తారు. మణుగూరు వైపు పగిడేరులో, బొగ్గు అన్వేషణకు వేసిన బోర్ల నుంచి వేడినీరు దానంతటదే పైకి వస్తుంటే, సింగరేణి సంస్థ అక్కడ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రం పెట్టింది. ఆదిలాబాద్ సరిహద్దు దాటితే నాందేడ్ జిల్లా కిన్వట్ తాలూకాలో ఉనకేశ్వర్ ఉంది. చర్మవ్యాధులు తగ్గుతాయన్న నమ్మకంతో ఇటువైపు నుంచీ జనం వెళ్తారు. నీళ్లున్నాయి, నమ్మకమూ ఉంది. లేనిది ఆ నీటి చుట్టూ ఊరు నిలబెట్టుకున్న ఏర్పాటు.

ఇక ఆ తొట్టిలో దిగే పద్ధతి. ఇది చాలామంది తెలుగువాళ్లు వెనకాడే చోటు. మగవాళ్లకు, ఆడవాళ్లకు వేర్వేరు గదులే గానీ, ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు. తువ్వాలు కూడా నీళ్లలో ముంచకూడదు, మడిచి నెత్తిన పెట్టుకోవాలి. ముందు పక్కనున్న చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్లంతా రుద్దుకుని, నురగ చుక్క లేకుండా కడుక్కుంటేనే తొట్టి దగ్గరికి రావాలి. తొట్టి ఉన్నది మురికి వదిలించుకోవడానికి కాదు. నీ తర్వాత ఇంకో నలభై మంది అవే నీళ్లలో కూర్చుంటారు. నీళ్లు 42 డిగ్రీల దాకా ఉంటాయి కాబట్టి రక్తపోటు ఉన్నవాళ్లు, మద్యం తాగినవాళ్లు దూరంగా ఉండటం మంచిది. అలవాటు లేనివాళ్లకి ఐదు నిమిషాలు చాలు.

పచ్చబొట్టు ఉంటే చాలా ఒన్సెన్‌లలో రానివ్వరు. అక్కడ పచ్చబొట్టంటే రౌడీముఠాల గుర్తు. 2013లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఓ మావొరీ పెద్దావిడను, ముఖం మీద ఆమె జాతి సంప్రదాయపు పచ్చబొట్టు ఉందని ఉత్తర జపాన్‌లో ఒక స్నానశాల వెనక్కి పంపితే పెద్ద చర్చే జరిగింది. ముంజేతుల నిండా పచ్చబొట్లున్న మన నాయనమ్మలకూ అక్కడ అదే గతి పట్టేదన్నమాట. కినొసాకి వీధి స్నానశాలల్లో ఆ పట్టింపు లేదు. ఉమ్మడి తొట్టి అన్నాక అందరికీ ఉండాలిగా!

భోజనం దగ్గర శాకాహారులకు కష్టమే. నవంబరు నుంచి మార్చి దాకా ఊరంతా పీతలే. వట్టి కూరగాయల పులుసు అనుకున్నదాంట్లో కూడా ఎండుచేప కాచిన నీళ్లుంటాయి. గది ఖాయం చేసుకునేటప్పుడే చెబితే కొన్ని సత్రాలు విడిగా వండుతాయి. వెళ్లాక చెబితే మిగిలేది అన్నం, సంచిలోని ఆవకాయ.

అయితే ఆ అన్నం మామూలు అన్నం కాకపోవచ్చు. కినొసాకి తొయొఒకా పట్టణంలో భాగం. ఊట కథలోని ఆ కొంగ ఉందే, పొలాల్లో పురుగుమందులు పెరిగి, తినడానికి కప్పలూ చేపలూ కరవై, 1971 నాటికి జపాన్‌లో అడవి కొంగ అన్నదే లేకుండా పోయింది. ఆఖరిది మిగిలింది తొయొఒకాలోనే. రష్యా నుంచి పిల్లల్ని తెచ్చి పెంచి, 2005 సెప్టెంబరులో గాలిలోకి వదిలారు. వదిలితే చాలదు, తిండి ఉండాలి. అందుకని రైతులు మందులు పూర్తిగా మానేసో, 75 శాతం తగ్గించో వరి వేయడం మొదలుపెట్టారు. పైరు మధ్యలో మడి ఆరబెట్టే పనిని, తోకకప్పలు కాళ్లొచ్చి గట్టెక్కేదాకా వాయిదా వేస్తారు. ఆ బియ్యానికి కొంగ పేరు పెట్టి ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. వరికీ చెరకుకూ పరిశోధనా స్థానం ఉన్న రుద్రూర్‌లో ఈ మాట వింటే, 'కప్పల కోసం మడిలో నీళ్లాపడమా' అని నవ్వేవాళ్లూ ఉంటారు, ఎంత ధర పలుకుతుందని అడిగేవాళ్లూ ఉంటారు. రెండోవాళ్ల ప్రశ్నే తొయొఒకా రైతులూ ముందు అడిగారనుకోవచ్చు.

ఒసాకా నుంచి కినొసాకికి నేరుగా వెళ్లే రైలు పేరు కూడా కొంగే, 'కొఉనొతొరి'. రెండు గంటల నలభై నిమిషాల ప్రయాణం. మధ్యాహ్నం మూడింటికి గది ఇస్తారు, మర్నాడు పదింటికల్లా ఖాళీ చేయాలి. బక్షీస్ ఇవ్వబోతే తీసుకోరు. బిల్లులో మాత్రం స్నానపు పన్ను అని మనిషికి 150 యెన్‌లు కనిపిస్తుంది. అది సత్రానిది కాదు, పురపాలక సంఘానిది.

పొద్దున్నే లేచే అలవాటు ఉన్నవాళ్లు ఏడు కాకముందే స్నానశాల ముందు వరసలో నిలబడతారు. తలుపు తీయగానే లోపలికి వెళ్లిన మొదటి మగమనిషికీ, మొదటి ఆడమనిషికీ 'ఆనాటి మొదటి స్నానం' అని రాసిన బిళ్ల ఇస్తారు. చేతిలో పట్టేంత చిన్నది. దాని కోసం చలిలో, చెక్క చెప్పుల మీద, సత్రం దుప్పటిలాంటి అంగీ కప్పుకుని అరగంట ముందే వచ్చి నిలబడే ముసలివాళ్లు ఉంటారు.