క్షణికావేశము – తల్లుల జాగరూకత

పలనాడు పౌరుషమును ముద్దుచేయు సీమ. అయితే ఆ వీరుల కథలోనే అనపోతు చరిత్రము గూడ గలదు. చెలికాండ్రందఱు కారెంపూడి రణభూమికి తరలుచుండ, తన్నొక్కని ఉపాయముచే వెనుకకు పంపిరని తెలిసి, ఆ దుఃఖావేశమున నతడు తన ప్రాణమును తానే తీసికొనెనని కథ చెప్పును. ఆ గడియలో నొక్క ఆప్తుడు ప్రక్కనున్న నేమయ్యెడిదో యని మాకు తోచుచుండును.

నేటి బిడ్డలకు పరీక్షలే రణరంగములు. 2023 ఏప్రిలులో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన రెండు దినములలోనే మన రాష్ట్రమున తొమ్మండుగురు విద్యార్థులు ప్రాణములు విడిచిరని పత్రికలు వ్రాసినవి.

సోదరీమణులారా! కౌమారమున కోపతాపములను రేపు మెదడుభాగము ముందుగా బలపడును. వానిని నిగ్రహించు ముందరిభాగము ఇరువదియైదేండ్లవఱకు పక్వము కాదు. అందుచే ఆవేశము చంద్రవంక వరదవలె వడిగా వచ్చును. కాచుకొన్నచో వడిగానే తీయును. కొందఱు బిడ్డలు నోట చెప్పలేని బాధను చల్లార్చుకొనుటకై తమ శరీరమునే గాయపఱచుకొందురు. మండుటెండలలో గూడ నిండుచేతుల దుస్తులు విడువని బిడ్డను గమనింపుడు. అది నటనయని గద్దించితిమా, గాయము మఱింత లోనికి దాగును. "ఏమమ్మా, బ్రదుకుమీద విసుగు పుట్టినదా?" యని మెల్లగా నడుగుడు. అడిగినంతమాత్రమున లేని తలంపు పుట్టదు. ఉన్న భారము తగ్గును.

ప్రత్తి, మిరప పండించు మన యిండ్లలో మఱియొక జాగ్రత్త ముఖ్యము. పురుగుమందు వసారాలో నుంచరాదు. తాళములో నుంచి, తాళపుచెవి పెద్దలయొద్ద నుండవలయును. సింహళమున 1995 మొదలు మిక్కిలి విషపూరితములగు మందులను నిషేధింపగా, ఇరువదియేండ్లలో ఆత్మహత్యలు సగముకంటె తక్కువకు దిగినవి. విషము చేతికందని కొద్ది గడియలే ప్రాణరక్షణ యగును.

పరువు పోవునని వైద్యుని దాచకుడు. 2017 మానసిక ఆరోగ్య చట్టము అట్టి యత్నము చేసినవారిని తీవ్రమనోవ్యథలో నున్నవారిగా నెంచి, చికిత్స నిమ్మని చెప్పుచున్నది. రేయింబవళ్లు ఉచితముగా తెలుగున మాటాడువారు టెలి మానస్ 14416 సంఖ్యయందు గలరు.

ప్రక్కింటి పిల్లవాని మార్కులతో పోల్చు మాటను నేటితో మానుదము. ఈ రాత్రియే మందుడబ్బాలకు తాళము వేసి, బిడ్డ ప్రక్కన కొంతసేపు కూర్చుండుడు.