ఆ రెండు రాత్రులూ ఒకటి కావు

ఈమధ్య ఒక సంగీతోత్సవంలో నిర్వాహకుడొకాయన, వరసగా రెండు రాత్రులు వాద్య కచేరీలు పెట్టినందుకు సభకు క్షమాపణ చెప్పుకున్నాడు. మొదటి రోజు వీణ, మరునాడు నాదస్వరం. "రెండూ సోలోలే కాబట్టి ఏ ఒక్కదానికి వచ్చినా చాలు, మూడోనాడు గాత్రం ఉంది, దానికి మాత్రం అందరూ తప్పక రావాలి" అన్నాడు. పక్కనే వీణ శ్రుతి చేసుకుంటున్న విద్వాంసురాలు ఆ మాట వింటూనే ఉంది. అదేం మాటని సభలో ఒక్కరూ అడగలేదు సరికదా, ముందు వరసలో శాలువాలు కప్పించుకున్న పెద్దలు నవ్వుతూ తలలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకా చల్లారలేదు.

ఆయన ఒక్కడి మీద కోపమైతే అక్కడే అడిగేసి ఊరుకునేదాన్ని. పాట లేని కచేరీ సగం కచేరీ అనీ, వాద్యాలన్నీ ఆ పాటకు ఏదో ఒక నకలనీ మన సభల్లో పాతుకుపోయింది. కార్యక్రమాల పట్టిక చూస్తేనే తెలుస్తుంది. జనం పలచగా ఉండే రోజులన్నీ వాద్యాలకు, శని ఆదివారాలు గాత్రానికి. సాహిత్యం లేదు కదా అంటారు. గాత్ర కచేరీలో అరగంట సాగే రాగాలాపనలో ఏ సాహిత్యం ఉంది? అక్కడ కళ్ళు మూసుకుని పరవశించేవాళ్ళే వీణ మీద తానం మొదలుకాగానే ఫోన్లు తీస్తారు. ఈ వాదానికి ఇంతకన్నా చోటు ఇవ్వను.

వీణ తీగను మీటిన మరుక్షణం నుంచీ నాదం తగ్గిపోతూ ఉంటుంది. ఆ తగ్గిపోయే నాదంలోనే పని జరగాలి. ఎడమచేతి వేళ్ళు ఒకే మెట్టు మీద తీగను లాగి, ఒక్క మీటులోంచి రెండు మూడు స్వరాలు తీస్తాయి. చివరి స్వరం వినబడీ వినబడకుండా ఉంటుంది. దాన్ని అందుకోవాలంటే వినేవాడు ముందుకు వంగాలి. నాదస్వరం ఇందుకు పూర్తిగా ఎదురు. ఊపిరి ఉన్నంతసేపు దాని నాదానికి తరుగులేదు. గుడి వీధుల్లో, ఊరేగింపు ముందు, నాలుగు వీధుల అవతలికి వినబడాలని పుట్టిన వాద్యం అది. తోడి రాగంలోని గాంధారాన్ని వీణ మీద తీగ లాగుడులో విని, మర్నాడు అదే గాంధారం ఊపిరి బిగింపుతో, పెదవి నొక్కుతో, వేలు రంధ్రాన్ని సగం తెరిచి మూయడంతో పలికితే వినండి. ఆ రాగం గురించి ఏ పుస్తకమూ చెప్పలేని సంగతి ఆ రెండు రాత్రుల మధ్య తెలుస్తుంది. మొదటి రాత్రి చెవి సన్నబడుతుంది, రెండో రాత్రి అదే చెవి విప్పారుతుంది. ఒకదానికి వచ్చినా చాలునట!

ఆ మొదటి రాత్రి ఏం జరిగిందో చెప్పాలి. వీణ కుండకు పికప్ అనే నాదం పట్టే బిళ్ళ అతికించారు. మృదంగానికి రెండు మైకులు, ఘటానికి ఒకటి. పైన ప్రతిధ్వని కలిపారు. వీణ మీటగానే ఎలక్ట్రిక్ గిటారు మోగినట్టు మోగింది. తీగ మీద గోరు రాపిడి హాలంతా కరకరలాడింది గానీ, ఆ వెనక ఉండాల్సిన గమకం ఎక్కడా లేదు. మృదంగం కుడివైపు దెబ్బ పడ్డప్పుడల్లా నా పక్కనున్న పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. తగ్గించమని విద్వాంసురాలు రెండుసార్లు చేత్తో సైగ చేసింది. మైకు మనిషి పెంచమందనుకుని ఇంకా పెంచాడు.

మర్నాడు నాదస్వరానికీ మైకు పెట్టారు! నాలుగు గోడల మధ్య, తలుపులన్నీ మూసిన ఏసీ హాల్లో నాదస్వరానికి మైకు, డోలుకు రెండు వైపులా మైకులు. జనం చెవులు మూసుకున్నారు. బయటికొస్తూ "ఇది పెళ్ళిళ్ళకే బాగుంటుంది" అని ఒకరు, "నిన్నటి వీణ కూడా ఇలాగే గోల" అని ఇంకొకరు. పల్చటి నాదాన్ని లావుచేసి, లావు నాదాన్ని పగలగొట్టి, రెంటినీ ఒకే స్పీకరులోంచి ఒకే మోతగా వదిలారు. రెండూ ఒకటేనన్న తన మాటను ఆ నిర్వాహకుడు ఇలా తన చేతుల్తోనే నిజం చేసుకున్నాడు.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ళు పనస మానును ఎంచుకుని, ఒకే దుంగలోంచి కుండా దండీ కలిపి తొలుస్తారు. ఆ రెంటి మధ్య అతుకు ఉండదు. లోపలి గోడ ఎంత పల్చనుండాలో చేతి వేలితో తట్టి తేలుస్తారు. ఆ పనితనమంతా నాదం కోసం. దాన్ని కొని తెచ్చి, చెక్క ఏం పలుకుతుందో ఎవరికీ వినబడకుండా ఒక పికప్ బిళ్ళ అతికిస్తాం. ఇక ఏ చెక్కయితేనేం? పికప్ వాడిన పెద్ద వైణికులు లేరా అంటారు. ఉన్నారు. ఎంత మోగాలో వాళ్ళ చెవి చెప్పేది, మీసాలు కూడా రాని కుర్రాడి చేతిలోని మీటలు కావు.

పెళ్ళిళ్ళకే బాగుంటుందన్న మాట నన్ను ఇంకా గుచ్చుతోంది. పెళ్ళిలో మాత్రం నాదస్వరాన్ని ఎవరు వింటున్నారు? మూడు ముళ్ళ వేళ గట్టిమేళం కోసం ఒక్కసారి చెయ్యెత్తి పిలవడం, మిగతా రెండు గంటలూ భోజనాల హాల్లో సినిమా పాటలు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా తంజావూరు బాణీ నేర్చి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ చేత సంగీత కళానిధి అనిపించుకున్నాడు. ఆయన శిష్యులు మహబూబ్ సుబానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇది మన జిల్లాల విద్య. తమిళదేశం కూర్చోబెట్టి విన్నది, మనం మండపం పక్కన నిలబెట్టాం.

వాద్యం పాటకు నకలు కాదని మనవాళ్ళే చూపించారు. 1919లో విజయనగరం సంగీత కళాశాల పెట్టినప్పుడు ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ వయొలిన్ ఆచార్యుడిగా చేరాడు. పక్కవాద్యంగా ఓ మూల కూర్చునే వయొలిన్‌ను వేదిక మధ్యకు తెచ్చి, దాని చుట్టూ కచేరీ నడిపించినవాడు. వైణికులు ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు చిట్టిబాబు ఒకే పరంపర వాళ్ళు. గురువు వీణ విన్న మర్నాడు శిష్యుడి వీణ విన్నవాళ్ళెవరూ రెండూ ఒకటేననలేదు. ఒకే వాద్యంలో, ఒకే గురుపరంపరలో అంత తేడా ఉంటే, వీణకూ నాదస్వరానికీ ఎంతుండాలి?

ఏం చెయ్యాలో అడుగుతారు. వీణను రెండు వందల మంది పట్టే హాల్లో పెట్టండి. చాపలు పరవండి, జనాన్ని దగ్గరికి పిలవండి. ఘటం ఆ రోజుకు వద్దు. మృదంగం వాయించేవాళ్ళు చేతి బరువు తగ్గించగలరు, అడగండి. నాదస్వరాన్ని గుడి మండపంలోనో, ఊళ్ళో ఆరుబయలు ఉన్నచోటో పెట్టండి. డబ్బెక్కడిదంటే, జ్యోతి ప్రజ్వలనకు ముందూ వెనకా జరిపే సన్మానాల ఖర్చులోంచి తీయండి. మైకు తప్పనిసరైన చోట మైకు మనిషి బల్లను వేదిక పక్కన తెర చాటు నుంచి తీసి, జనం మధ్యలో వెయ్యండి. మేం వినేది ఆ మనిషి కూడా వినాలి.