గోరంత భయం – కొండంత ఊహ

పరీక్షలు దగ్గర పడగానే కొందరు విద్యార్థులకు నిద్ర పట్టదు. “లెక్కలలో ఒక అధ్యాయం సరిగా రాలేదు” అనే చిన్న విషయంతో ఆలోచన మొదలవుతుంది. అది “పరీక్ష తప్పుతాను” అని, “అందరూ నవ్వుతారు” అని, చివరకు “ఇక నా బ్రతుకు ఇంతే” అని పెరిగిపోతుంది. గోరంత కొండంత కావడమంటే ఇదే.

ఇటువంటి వారితో పెద్దలు “భయపడకు” అంటారు. ఆ మాటలో ప్రేమ ఉంది కాని, ఉపాయం లేదు. భయాన్ని పుట్టించిన ఆలోచనను పరీక్షించడమే సరైన ఉపాయమని నా అభిప్రాయం.

చీకటిలో తాడును చూసి పామనుకొన్నవాని గుండె నిజంగానే దడదడలాడుతుంది. దీపం తెచ్చి చూస్తే గాని ఆ దడ తగ్గదు. మనసుకు అటువంటి దీపం కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే చికిత్స. అమెరికాకు చెందిన మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960వ దశకంలో దీనికి పునాది వేశారు. దిగులుతో కుంగిపోయినవారికి తమను గురించి, లోకాన్ని గురించి, రాబోయే కాలాన్ని గురించి చెడు తలపులు వాటంతటవే పుడుతుంటాయని ఆయన గమనించారు. జరిగినదాని కంటె, దానికి మనం చెప్పుకొనే అర్థమే మనలను ఎక్కువగా బాధిస్తుందనేది ఈ చికిత్సకు మూలసూత్రం.

భయపెట్టే ఆలోచనను ఒక కాగితంపై రాయండి. దీనికి రుజువేమిటి? దీనిని కాదనే రుజువు ఉన్నదా? అనుకొన్నదే జరిగితే నేనేం చేయగలను? అని ప్రశ్నించండి. “రానిది ఒక్క అధ్యాయమే. తక్కినవి వచ్చు. మాస్టారిని అడగవచ్చు. ఒకవేళ తప్పినా మళ్లీ రాయవచ్చు” అనే జవాబులు వస్తాయి. తరువాత ఆ అధ్యాయంలోనే ఒక తేలిక లెక్క చేయండి. తప్పించుకొని తిరిగే కొద్దీ భయం పెరుగుతుంది. ఎదుర్కొనే కొద్దీ తగ్గుతుంది.

అంతా మంచే జరుగుతుందని సరిపెట్టుకోవడం దీని ఉద్దేశమని కొందరు పొరపడతారు. దీపం వెలుగులో తాడు తాడుగాను, పాము పాముగాను కనిపిస్తాయి. నిజంగా పామే అయితే జాగ్రత్తపడాలి. చదవని పాఠం చదవవలసిందే.

భయం రోజుల తరబడి వదలక తిండికి, నిద్రకు, చదువుకు అడ్డమైతే ఇంట్లో పెద్దలకు చెప్పి వైద్యుని సలహా తీసుకోవాలి. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నెంబరుపై ఉచితంగా ఫోను చేయవచ్చు. జ్వరానికి మందు అడగడంలో లేని సిగ్గు దీనికి ఎందుకు?

లెక్క తప్పితే ఎక్కడ తప్పిందో వెదికి దిద్దుకోవడం బడిలో నేర్పుతున్నారు. ఆలోచన తప్పినప్పుడు దిద్దుకోవడం కూడ అక్కడే నేర్పాలి.