గూడబాతు ఫొటో కింద సంతకం

న్యూఢిల్లీలోని సర్టిఫైయింగ్ అథారిటీల కంట్రోలర్ గారికి,

చలికాలంలో నేలపట్టు చెరువు నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు పిల్లలకు మేత పెడుతుంటాయి. సూళ్లూరుపేట, దొరవారిసత్రం వైపు కుర్రాళ్లు ఫోన్ పట్టుకుని ఆ క్షణం కోసం కదలకుండా కూర్చుంటారు. 2022లో ఆ ఊళ్లు తిరుపతి జిల్లాలో కలిశాయి గానీ, పక్షులకు ఇంకా నెల్లూరు తీరమే. తీసిన ఫొటో వాట్సాప్ ఎక్కగానే కుదించుకుపోతుంది. తేదీ, కెమెరా వివరాలు రాలిపోతాయి. నాలుగు గ్రూపులు తిరిగేసరికి మూలన ఎవరిదో పేజీ లోగో. ఆనక ఫ్లెక్సీ మీదా అదే బొమ్మ. 'అది నాదండీ' అంటే 'రుజువేది?' అని నవ్వుతారు.

చట్టం ఆ కుర్రాడి వైపే ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో తీసినప్పుడే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 2012 సవరణతో వచ్చిన 65బి సెక్షన్, హక్కుల వివరాలను అనుమతి లేకుండా, తెలిసి తెలిసీ తుడిచేసినవారికి రెండేళ్ల దాకా జైలు, జరిమానా అంటుంది. అసలు ఆ వివరాలంటూ ఫొటోలో ఉంటే కదా తుడిచేది!

2010 హైతీ భూకంపం ఫొటోలను ట్విటర్‌లో పెట్టిన డేనియల్ మోరెల్‌కూ ఇదే జరిగింది. ఏఎఫ్‌పీ, గెట్టీ సంస్థల ద్వారా అవి వేరొకరి పేరుతో లోకమంతా తిరిగాయి. న్యూయార్క్ జ్యూరీ 12 లక్షల డాలర్లు ఇప్పించేసరికి 2013 వచ్చింది. ఆయన వృత్తి ఫొటోగ్రాఫర్ కాబట్టి అంతదూరం పోరాడారు.

మన కుర్రాడికి కావలసిన రుజువు డిజిటల్ సంతకం. దాన్ని 2000 ఐటీ చట్టమే గుర్తించింది. ఫైలు నుంచి హ్యాష్ అనే వేలిముద్ర తీసి, సొంతదారు దగ్గరే ఉండే రహస్య తాళంచెవితో ముద్ర వేస్తారు. తర్వాత ఒక్క పిక్సెల్ మారినా ముద్ర సరిపోదు. 2023లో లైకా తన ఎం11-పి కెమెరాలోనే ఇలాంటి ఏర్పాటు పెట్టింది, ధర లక్షల్లో. మన దగ్గరేమో ఈ సంతకం టెండర్లు వేసే కాంట్రాక్టర్ బ్యాగులో యూఎస్‌బీ టోకెన్‌గా ఉంది. ఆధార్ ఓటీపీతో చేసే ఈ-సైన్ కాగితాలకే అలవాటైంది.

సంతకం దొంగతనాన్ని ఆపదు. స్క్రీన్‌షాట్ తీస్తే అది వెంట రాదు, ఎత్తుకొచ్చిన ఫొటో మీద దొంగ కూడా సంతకం చేయగలడు. అందుకే ఎవరు ముందు చేశారో చెప్పే టైమ్‌స్టాంప్ కావాలి. ఈ-సైన్‌ను టైమ్‌స్టాంప్‌తో సహా ఫోన్ కెమెరా దాకా తెప్పించండి. ఆ సంతకం, టైమ్‌స్టాంప్ వివరాలను యాప్‌లు తుడవకుండా చూడమని మీ మంత్రిత్వ శాఖకూ చెప్పండి. ఒక్కో సంతకానికి ఖర్చు రూపాయికి మించకూడదు. టోకెన్ మాత్రం వద్దండీ, చెరువు గట్టున దాన్ని తగిలించుకునేలోగా గూడబాతు ఎగిరిపోతుంది.