అమ్మానాన్నలు ఉండగానే

పాత పేపర్లలో 'కనబడుటలేదు' ప్రకటనలన్నీ ఒకే మూసలో ఉండేవి. వయసు ఆరేళ్లు, చామనఛాయ, నీలం నిక్కరు, గళ్ల చొక్కా, తెలుగు మాత్రమే మాట్లాడగలడు, ఆచూకీ తెలిపినవారికి తగిన బహుమతి. పక్కన స్టూడియోలో తీయించిన ఫొటో, అచ్చులో కళ్లు రెండూ నల్లటి మచ్చలై. ముప్పై ఏళ్ల తర్వాత అదే ప్రకటన మళ్లీ చదవండి. నిక్కరు ఎప్పుడో పోయింది. ఒంటి ఛాయ, ఎత్తు, ముఖం అన్నీ మారిపోయాయి. ఆ తెలుగు ఇంకా వాడి నోట్లో ఉందో లేదో. రాసిన గుర్తుల్లో పనికొచ్చేది ఒక్కటీ మిగలదు. రాయని గుర్తు ఒకటుంది, కన్నవాళ్ల రక్తం. అది కూడా వాళ్లు బతికున్నంత కాలమే చేతికందుతుంది.

అందుకే ఏళ్ల తరబడి తేలని కేసుల్లో పోలీసులు ముందుగా వెళ్లాల్సింది తల్లిదండ్రుల దగ్గరికని నేనంటాను. ఎనభైల్లో బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఇప్పుడు డెబ్బై దగ్గర పడుతుంటాయి.

మా భీమిలికి రైల్వే స్టేషన్ లేదు. ఊరివాళ్లకు అదొక చిన్న లోటు. తప్పిపోయిన పిల్లాడికి మాత్రం పెద్ద చిక్కు. ఐదేళ్ల గుంటడొకడు 900కె బస్సెక్కి బీచ్ రోడ్డు మీదుగా విశాఖ స్టేషన్‌లో దిగి, హావ్‌డా బండిలో నిద్రపోయాడనుకోండి. అక్కడ ఎవరో ఊరి పేరడిగితే 'భీమిలి' అంటాడు. రైళ్ల టైమ్ టేబుల్లో ఆ పేరు కనిపించదు. సర్కారు కాగితాల్లో భీమునిపట్నం, తెల్లదొరల రికార్డుల్లో బిమ్లిపటం. ఆ బిడ్డను ఎక్కడికని పంపుతారు?

ఇది నా ఊహ. అయితే అచ్చం ఇలాంటిదే 1986లో జరిగింది. మధ్యప్రదేశ్‌లోని ఖండ్వాలో గణేశ్ తలాయి పేట పిల్లాడు షేరూ, బుర్హాన్‌పూర్‌లో ఆగి ఉన్న రైలెక్కి నిద్రపోయి హావ్‌డాలో తేలాడు. పేట పేరు వాడి నోట 'గినెస్ట్‌లే' అయింది. ఎవరికీ అంతు చిక్కలేదు. మరుసటేడు టాస్మానియా దంపతులు దత్తత తీసుకున్నారు. సరూ బ్రియర్లీగా పెరిగి పెద్దవాడై, గూగుల్ ఎర్త్‌లో రైలు పట్టాల వెంట రాత్రులు రాత్రులు వెనక్కి నడిచి 2011లో ఊరిని పట్టుకున్నాడు, 2012లో వెళ్లి తల్లిని కలిశాడు. 'లయన్' సినిమా అతని కథే. తల్లి ఆ పేట వదిలి పోలేదు. అదే కలిసొచ్చింది. కొడుకు వచ్చేసరికి ఆమె లేకపోయి ఉంటే?

న్యూయార్క్‌లో ఈటన్ పాట్జ్ తల్లిదండ్రులూ అలాగే దశాబ్దాలపాటు ఇల్లు మారలేదు, ఫోన్ నంబరు మార్చలేదు. ఆరేళ్ల ఆ బాబు 1979 మే 25న బడి బస్సు కోసం మొదటిసారి ఒంటరిగా నడిచి వెళ్లి మాయమయ్యాడు. మృతదేహం దొరకలేదు. ఒకతను దోషి అని 2017లో తేల్చారు, 2025 జులైలో అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. ఇన్నేళ్లయినా కేసు ఇంకా కోర్టుల చుట్టూ తిరుగుతూనే ఉంది.

మన దగ్గర చాలా కేసులు కోర్టు మెట్లు కూడా ఎక్కలేదు. ఒకప్పుడు బిడ్డ కనబడలేదని స్టేషన్‌కి వెళితే డైరీలో ఒక ఎంట్రీ రాసి, 'బంధువుల ఇళ్లల్లో చూశారా' అని పంపేసేవారు. బచ్‌పన్ బచావో ఆందోళన్ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2013 మే 10న దాన్ని మార్చింది. తప్పిపోయిన బిడ్డను ఎవరో ఎత్తుకుపోయారనో అమ్మేశారనో భావించి ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలంది. ఆ ఆదేశంలో అందరూ మరిచిపోయిన మాట ఇంకొకటి ఉంది. ఎఫ్‌ఐఆర్ లేకుండా ఉండిపోయిన పాత కేసుల్లో బిడ్డ ఇంకా దొరక్కపోతే, నెలలోగా ఎఫ్‌ఐఆర్ కట్టి దర్యాప్తు చేయాలని. మన స్టేషన్లలో అలా ఎన్ని కట్టారో చెప్పమని ఎవరైనా అడగాలి కదా!

2015 నుంచి ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ అంటూ పోలీసులు రైల్వే స్టేషన్లు, ఇటుక బట్టీలు, హోటళ్లు గాలిస్తున్నారు. మంచి పనే. కాని నలభై ఏళ్ల మనిషి ముస్కాన్‌లో దొరకడు. తన పుట్టుక మీద అనుమానం వచ్చి తనంతట తాను వెతుక్కుంటూ రావాలి. వచ్చిననాడు పోల్చి చూడటానికి మన దగ్గర ఏదో ఒకటి ఉండాలి.

2019 డీఎన్‌ఏ బిల్లులో తప్పిపోయినవారికి విడిగా ఒక పట్టిక పెట్టారు. అనుమానితుల, విచారణ ఖైదీల డీఎన్‌ఏ దాచడం మీద అభ్యంతరాలొచ్చాయి. నాకూ ఉన్నాయి. 2023 జులైలో కేంద్రం బిల్లు మొత్తాన్నీ వెనక్కి తీసుకుంది. ఎలుకలకు భయపడి ఇల్లు తగలబెట్టుకున్నట్టు, తల్లిదండ్రులు ఇష్టపడి ఇచ్చే నమూనాల సంగతీ దాంతోనే పోయింది. ఆ ఒక్క ముక్కకు విడిగా చిన్న చట్టం చేస్తే ఎవరు కాదంటారు? పరీక్షకు హైదరాబాద్‌లో డీఎన్‌ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ ఉండనే ఉంది. ప్రత్యేకమైన కార్డు మీద రెండు చుక్కల రక్తం ఆరబెడితే ఫ్రిజ్ కూడా లేకుండా ఏళ్ల తరబడి నిలుస్తుంది. తల్లిదండ్రులు పోయాక తోబుట్టువులతో పోల్చవచ్చు గాని, అంత ఖాయంగా తేలదు.

మానిన పుండు మళ్లీ రేపడం దేనికని కొందరు అధికారులు అంటారు. మానిందో లేదో ఆ తల్లినే అడగొచ్చు. వద్దంటే దండం పెట్టి వెనక్కి రావచ్చు. విశాఖ కమిషనరేట్ భీమిలి స్టేషన్‌తోనే మొదలుపెట్టవచ్చు. 2013కు ముందటి మిస్సింగ్ రిజిస్టర్లు అటక మీంచి దించి, బిడ్డ తిరిగొచ్చినట్టు రాయని పేర్లు ఏరి, ఇళ్లకు ఒక మహిళా కానిస్టేబుల్‌ను పంపితే సరి. ఆ చిరునామాల్లో కొన్ని ఇప్పటికే మారిపోయి ఉంటాయి, వెతకడం ఈ ఏడే మొదలుపెట్టాలి.