నూట యాభై కిలోమీటర్ల గిరి

వికారాబాద్ నుంచి తాండూరుకు పటం మీద గీత గీస్తే సుమారు 35 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్లు పోయే విమానానికి మూడు నిమిషాలైనా పట్టని దూరం. లెక్క బాగానే ఉంది, ఎక్కడానికి విమానమే లేదు. ఉన్నా చేసేదేమీ లేదు. ముప్ఫై అయిదు వేల అడుగుల ఎత్తు నుంచి నింపాదిగా దిగాలంటేనే విమానానికి దాదాపు 200 కిలోమీటర్లు కావాలి. ముంబయి వైపు నుంచి శంషాబాద్‌కు వచ్చేవి తాండూరు దాపులకు చేరేసరికే కిందికి దిగుతూ ఉంటాయి. వికారాబాద్, తాండూరుల మధ్య పెద్ద దిక్కు 1874లో నిజాం కాలాన వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు వేసిన రైలు మార్గమే.

అలాగని గాలిదూరం ఉత్త కాలక్షేపపు లెక్క కాదు. శంషాబాద్ విమానాశ్రయం కోసం 2004లో కేంద్రం నిర్మాణ సంస్థతో చేసుకున్న ఒప్పందంలో అది ఏకంగా షరతై కూర్చుంది: 150 కిలోమీటర్ల గాలిదూరంలో 25 ఏళ్లపాటు మరో పౌర విమానాశ్రయం రాకూడదు. శంషాబాద్ 2008 మార్చిలో మొదలైంది కాబట్టి గడువు 2033 దాకా. వికారాబాద్ అక్కడికి అరవై కిలోమీటర్ల లోపు, తాండూరు తొంభై. రెండూ గిరిలోపలే. బీదర్ కూడా లోపలిదే, కానీ మినహాయింపు దొరికి 2020లో అక్కడ విమానాలు మొదలయ్యాయి. వరంగల్ మామునూరుకు 2025 దాకా ఎదురుచూపులు తప్పలేదు.

మన జిల్లాకూ విమానాశ్రయం కావాలనను. అది ఎన్నికల వేదికల మీద చెప్పుకునే ముచ్చట. నా పేచీ వేరు. గిరి గీసి వేరే దారి మూసినవాళ్లు, గిరిలోపలివాళ్లకు ఆ ఒక్క విమానాశ్రయానికి సరైన తోవ ఇవ్వాలి కదా!

తాండూరు నుంచి దుబాయ్ వెళ్లే మనిషిని తీసుకోండి. గాలిదూరంలో అతనికి దగ్గరి విమానాశ్రయం శంషాబాద్ కాదు, కర్ణాటకలోని కలబురగి, 66 కిలోమీటర్లే. కానీ దుబాయ్ విమానం ఉండేది శంషాబాద్‌లో. అక్కడి నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు, నాలుగు గంటలకు అటూ ఇటూ. వచ్చేటప్పుడు పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది, ఇంకాస్త తగ్గుతుంది. ఇంటి నుంచి శంషాబాద్‌కు ఎంతసేపో మాత్రం ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. బండల లారీలు, సిమెంటు లారీలు, కంకర టిప్పర్లు ఎన్ని ఎదురొస్తే అంత ఆలస్యం. రైల్లో పోయినా నగరంలో దిగి మళ్లీ బస్సో కారో పట్టుకోవాలి. అందుకే తెల్లవారుజాము విమానానికి ముందురోజు సాయంత్రమే సామాను సర్దుకుంటారు.

ఈ దారిలోనే అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు వెడల్పు పనులు ఏళ్లుగా నలిగాయి. దారి పొడవునా ఉన్న మర్రిచెట్ల కోసం హరిత ట్రైబ్యునల్‌లో పోరాడినవాళ్లను తిట్టడం తేలిక, ఆ పని నేను చేయను. చెట్లను వదిలి రోడ్డును పక్కకు జరిపే ఆలోచన మొదట్లోనే చేసి ఉంటే అన్నేళ్లు పట్టేవి కావు. 2025 నవంబర్‌లో మీర్జాగూడ దగ్గర తాండూరు డిపో బస్సును కంకర టిప్పర్ ఢీకొన్నాక నాయకులంతా ఆ రోడ్డు మీదికి వచ్చారు. అంతకుముందు రోజు దాకా అదే ఇరుకు రోడ్డు మీద జనం ప్రాణాలు అరచేత పట్టుకుని తిరుగుతూనే ఉన్నారు.

మినహాయింపుల కోసం ఢిల్లీకీ, నిర్మాణ సంస్థకూ ఉత్తరాలు రాయగలిగిన ప్రభుత్వం, మన్నెగూడ రోడ్డు ఏ నెలకు పూర్తవుతుందో తాండూరు బస్టాండులో ఒక బోర్డు మీద రాయించాలి. ఆలోగా అర్ధరాత్రి విమానాల వేళలకు తగ్గట్టు తాండూరు, వికారాబాద్‌ల నుంచి శంషాబాద్‌కు నేరుగా బస్సులు నడపాలి.